పిలవని పేరంటానికి వచ్చిన క్లోరైడ్ గారికి

మహారాజశ్రీ క్లోరైడ్ అయాన్ గారికి నమస్కారాలు.

సముద్రపు నీటిలోకి కరెంటు పంపి హైడ్రోజన్ తీద్దామని మేము కూర్చుంటే, ఆ నీటి ఉప్పులోంచి తమరు దిగబడ్డారు. ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు మాత్రం క్షేమమేనని ల్యాబ్ తలుపు తియ్యగానే గుప్పుమన్న బ్లీచింగ్ పౌడర్ వాసనే చెప్పింది.

ఆనోడ్‌గా, అంటే ఆక్సిజన్ పుట్టే ధన ధ్రువంగా, పెట్టిన నికెల్ ఫోమ్‌ను (స్పాంజిలాంటి నికెల్ ముక్కను) పట్టకారుతో పైకి తీస్తే సగమే వచ్చింది. మిగతా సగం బీకరు అడుగున నల్లటి నలుసులై పడుంది. నీళ్ళు లేతాకుపచ్చగా మారాయి. ఆ ఫోమ్ మీద నికెల్-ఐరన్ ఉత్ప్రేరకం పొర పెంచడానికి ఆటోక్లేవ్‌లో (మూత బిగించిన ఒత్తిడి పాత్రలో) 120 డిగ్రీల దగ్గర 12 గంటలు పట్టింది. తమరు ఆరగించడానికి ఒక్క మధ్యాహ్నం చాలింది.

మేము పిలిచింది నీటిని, తమర్ని కాదు. 1 ఆంపియర్ కరెంటు గంటసేపు పంపితే గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 456 మి.లీ. హైడ్రోజన్, అందులో సగం, అంటే 228 మి.లీ. ఆక్సిజన్ రావాలి. ఆక్సిజన్ బ్యూరెట్ 150 దగ్గరే ఆగిపోయిందంటే, మూడోవంతు కరెంటును మీరూ, మీ పుణ్యాన కరిగిన నికెలూ పంచుకున్నట్టే. ఆనవాలు కావాలా? ద్రావణం కాస్త తీసి, ఆమ్లం కలిపి, పొటాషియం అయొడైడ్, రెండు చుక్కల గంజి వేస్తే నీలం తిరుగుతుంది. థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే ఎంత హైపోక్లోరైట్ (ఆ బ్లీచింగ్ వాసన సరుకే) చేశారో లెక్కతో సహా దొరికిపోతారు.

నిజానికి చట్టం మా పక్షానే ఉంది. ఆక్సిజన్‌కు 1.23 వోల్టులు చాలు. క్షార ద్రావణంలో మీరు హైపోక్లోరైట్‌గా మారాలంటే ఆ పైన ఇంకో 0.48 వోల్టులు కావాలి. కానీ ఆక్సిజన్‌ది నాలుగు ఎలక్ట్రాన్ల వ్యవహారం, మీది రెండే. నాలుగు సంతకాల ఫైలు బల్ల మీదుండగానే రెండు సంతకాల ఫైలు పాసైపోవడం ఈ దేశంలో ఎవరికీ వింత కాదు. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8, అంటే కాస్త క్షారం, అన్నది పేరుకే. ఆక్సిజన్ పుట్టేకొద్దీ ఆనోడ్ అంచున ఆమ్లం పేరుకుంటుంది, దాన్ని సర్దేంత బఫర్ ఆ నీటిలో లేదు. ఆ ఆమ్లంలో 0.48 వోల్టుల గట్టు తెగిందా, ఇక మీదే రాజ్యం.

సరే, ఆ ఆమ్లాన్ని అణచడానికి లీటరుకు 56 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ వేద్దామంటే నీళ్ళు విరిగిన పాలలా అయి, లీటరుకు 3 గ్రాముల మెగ్నీషియం హైడ్రాక్సైడ్ దిగుతుంది. వడకట్టాలి. వడకట్టకపోతే హైడ్రోజన్ పుట్టే కాథోడ్‌కు ఉచితంగా వెల్ల వేసి వెళ్తుంది. ఆ మెగ్నీషియం గారికి వేరే ఉత్తరం రాస్తాను.

తుప్పు పట్టదు కదా అని రుథేనియం పూత వేసిన టైటానియం ఆనోడ్ కొనేవాళ్ళకో మాట. అది 1960లలో హెన్రీ బీర్ క్లోరిన్ తీయడానికే కనిపెట్టిన పూత. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమే!

మిమ్మల్ని నిలవరించినవాళ్ళు లేకపోలేదు. 2019లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఉత్ప్రేరకం కింద నికెల్ సల్ఫైడ్ పొర వేశారు. అది సల్ఫేట్‌గా మారి, తనకున్న రుణావేశంతో, అదే ఆవేశమున్న మిమ్మల్ని వెయ్యి గంటలకు పైగా బయటికి నెట్టింది. 2022లో షెన్‌జెన్ వాళ్ళు ఇంకా గడుసువాళ్ళు. టెఫ్లాన్ పొరలోంచి నీటి ఆవిరిని మాత్రం లోపలికి రానిచ్చి, 3200 గంటలు మిమ్మల్ని గుమ్మం అవతలే నిలబెట్టారు. వాళ్ళు పోట్లాడలేదు, తలుపేశారంతే.

అసలు మంట ఎక్కడంటే, కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల పైనే కరెంటు కావాలి. అందుకు కావలసిన 10 లీటర్ల నీటిని ఆర్‌.ఓ.లో మంచినీరు చేసుకోవడానికి 0.04 యూనిట్ కూడా పట్టదు. వెయ్యో వంతు కూడా కాదు! ఆ కాస్త మిగుల్చుకుందామని నీతో ఈ గొడవంతా. గొంతు మారిందంటావా? మారుతుంది మరి! మీరు, తమరు అని ఎంతసేపని? ఫోమ్ తిన్నావు, పొర తిన్నావు, స్టీలు క్లిప్పుకు సూదితో పొడిచినట్టు చిల్లులు పెట్టావు, నీకింకా ఏం కావాలిరా?

తీరాన విద్యుత్ కేంద్రాల్లో నీ అవసరం ఉంది. గొట్టాల్లో ఆల్చిప్పలు అంటుకోకుండా ఇదే సముద్రపు నీటిలో ఇదే హైపోక్లోరైట్‌ను పనిగట్టుకుని చేయిస్తారు. అక్కడికి పోయి బుద్ధిగా పని చేసుకోవచ్చు కదా.

ఇట్లు,
ఫోమ్ బిల్లు కట్టినవాడు

తా.క.: రేపటి కొత్త ఫోమ్ మీది ఆక్సైడ్ పొర వదలాలంటే ముందు 3 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పావుగంట ఉంచాలి. సీసా తెచ్చి పెట్టాను. అందులోనూ నువ్వే.