పేరు లేని సీసా

సముద్రానికి దగ్గరగా ఉన్న డెల్టా మండలాల్లో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. టైల్స్ మీద చారలు కడుతుంది. వాటిని వదిలించడానికి లాడ్జీలు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు పట్టుకున్న అడ్డదారి యాసిడ్. పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇస్తారు. పేరుండదు, హెచ్చరిక ఉండదు. చిల్లర అమ్మకాలకు రిజిస్టరు, కొనేవారి గుర్తింపు ఉండాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. ఆ రిజిస్టరు ఎన్ని కొట్లలో కనబడుతుంది?

ఆ సీసా అందుకునే పారిశుద్ధ్య కార్మికురాలి వేళ్ల సందులు తెల్లగా ఒరిసి ఉంటాయి. మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ కలపలేక చెంచా వెతుక్కుంటుంది. మరక పోలేదని యాసిడ్ మీదే బ్లీచింగ్ చల్లమంటారు. రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. తూముల్లో పోసే కాస్టిక్ సోడా తీరు వేరు. వెంటనే చురుక్కుమనకపోవచ్చు, మంట తెలిసేసరికి చర్మం లోతుగా తినేసి ఉంటుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు.

ఒంటి మీద పడితే తడిసిన బట్టలు వెంటనే తీసేసి, ధారగా నీటితో కనీసం 20 నిమిషాలు కడగాలి. చెప్పడం తేలికే. మగ సూపర్‌వైజరు పక్కనే నిలబడి ఉంటే ఆమె చీర ఎక్కడ మార్చుకుంటుంది? పాలరాయి పరిచిన భవనాల్లోనూ పనివాళ్లకంటూ తలుపున్న గది, అందులో ఒక కుళాయి ఉండవు.

దెబ్బ తగిలితే యజమాని చెప్పే మాట ఒకటే: 'ఆమె కాంట్రాక్టరు మనిషి'. అది చెల్లదు. కాంట్రాక్టరు కింది కార్మికులకు గాయమైతే పని చేయించుకున్న యజమానే పరిహారం కట్టి, తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని 1923 నాటి పరిహార చట్టమే చెప్పింది. పది మంది లేదా అంతకు మించి పనిచేసేచోట, నెలకు రూ.21,000 వరకు జీతగాళ్లకు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది. కానీ వీధి చివరి ఆర్ఎంపీ ఆయింట్‌మెంటు రాసి పంపేస్తే ఆ గాయం ఏ లెక్కలోకీ ఎక్కదు.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లు, తాత్కాలిక మరుగుదొడ్లు శుభ్రం చేయడానికి పెద్ద ఎత్తున కార్మికులను దించుతారు. విడి యాసిడ్ నిషేధం, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు, బూట్లు, ప్రతి చోటా నీటి కుళాయి టెండరు షరతుల్లో ఇప్పుడే చేర్చాలి. అవి చేతికి అందాయని కార్మికులు సంతకం చేయనిదే కాంట్రాక్టరుకు ఒక్క బిల్లు కూడా పాస్ చేయకూడదు.