పెళ్లి ఫోటోలు తీయాలనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

"అన్నా, ఉద్యోగం మానేసి పెళ్లి ఫోటోగ్రఫీలోకి దిగుదామనుకుంటున్నాను. ఏ కెమెరా కొనమంటారు?" ఈ వారంలో ఇలాంటి సందేశం రావడం మూడోసారి. ముగ్గురూ కెమెరా గురించే అడిగారు. పెళ్లి గురించి ఒక్కరూ అడగలేదు. నాకు కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు, "కెమెరా కొనండి, పేజీ తెరవండి, నెల తిరిగేసరికి బుకింగులే బుకింగులు" అని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్ల మీద. ఒక్కొక్కరికీ విడిగా జవాబివ్వడం కంటే ఇక్కడే రాస్తే నయమనిపించింది.

ముందు నా రెండో ఏడాదిలో జరిగింది చెబుతాను. పెళ్లిలో అందరూ ఊపిరి బిగబట్టి చూసే ఘట్టం వచ్చింది. క్లిక్కుమనే చప్పుడు ఎవరికీ అడ్డం కాకూడదని కెమెరాను సైలెంట్ షట్టర్‌లో పెట్టాను. వెనకాల ఉన్న చిన్న తెర మీద బొమ్మ బాగానే కనిపించింది. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిచాను. పెళ్లికూతురి ముఖం మీద అడ్డంగా నల్లటి చారలు. నుదుటి మీద ఒకటి, పెదవుల కింద ఒకటి. తర్వాతి ఫోటోలో అవే చారలు కాస్త కిందికి జరిగాయి. చాలా ఎల్‌ఈడీ దీపాలు మన కంటికి అందని వేగంతో వెలిగి ఆరుతుంటాయి. సైలెంట్‌లో పనిచేసే ఎలక్ట్రానిక్ షట్టర్ బొమ్మను ఒక్కసారిగా కాకుండా వరుస వరుసగా చదువుతుంది. కొన్ని వరుసలు వెలుగులో పడతాయి, కొన్ని మసకలో పడతాయి. ఘట్టానికి పది నిమిషాల ముందు అదే వెలుతురులో ఒక్క ఫోటో తీసి, పెద్దది చేసి చూసి ఉంటే మామూలు షట్టర్‌కు మారేవాణ్ణి. చూడలేదు.

ఆ సంగతి ఫోనులో చెప్పడానికి మనసొప్పక వాళ్లింటికే వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ల్యాప్‌టాప్ దగ్గరకు లాక్కుని ఒక్కో ఫోటోనే ముందుకు జరుపుతూ కూర్చుంది. చారలు లేనివాటిని ఏరుకుంటోందని కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. రెండు వందలకు పైగా ఫోటోల్లో పదకొండు దొరికాయి. డబ్బు మొత్తం తిరిగిచ్చాను. పెళ్లికొడుకు తండ్రి లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నారు.

అందుకే "అనుభవం కోసం మొదటి రెండు మూడు పెళ్లిళ్లు ఉచితంగా చేస్తాను" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మీరు డబ్బు తీసుకోకపోయినా ఆ ఇంట్లో జరిగేది నిజమైన పెళ్లే. మీరు ఉన్నారన్న ధీమాతో వాళ్లు ఇంకెవరినీ పిలవరు. అనుభవం కావాలంటే పేరున్నవాళ్ల దగ్గర సహాయకుడిగా చేరండి. బ్యాగులు మోయండి, లైట్లు పట్టుకోండి, తర్వాత రెండో కెమెరా పట్టండి. మీ ఫోటో పాడైనా అక్కడ మొదటి కెమెరాలో ఆ ఘట్టం భద్రంగా ఉంటుంది. కనీసం ఇరవై పెళ్లిళ్లు అలా చేయనిదే సొంత బోర్డు పెట్టవద్దన్నది నా మాట. ఇరవై ఎక్కువంటారు కొందరు. నేను ఒప్పుకోను.

అక్కడ కెమెరా పని కంటే మనుషులతో పని ఎక్కువ నేర్చుకుంటారు. ఏ ఘట్టం ఎప్పుడు వస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి. ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టకూడదో ఇంట్లో ఒకరిని నమ్మకంగా కనుక్కోవాలి. విడిపోయిన తల్లిదండ్రులను తెలియక పక్కపక్కన నిలబెట్టి "కొంచెం దగ్గరగా జరగండి" అన్నవాళ్లను చూశాను. ఆ తర్వాత గంటసేపు ఆ హాల్లో ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

ఇక సామాను. ఒక ఖరీదైన కెమెరా కంటే రెండు మధ్యరకం కెమెరాలు మేలు. ఒకటి మొరాయిస్తే ఇంకొకటి మెడలోనే ఉండాలి, కారులో కాదు. రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరానే తీసుకుని, ప్రతి ఫోటోనూ రెండింటిలోనూ రాయించండి. రెండు కెమెరాల గడియారాలు సరిచూసుకోవడం మరవకండి. లేకపోతే ఎడిటింగ్‌లో ఘట్టాలన్నీ కలగాపులగమవుతాయి. కెమెరాతో పాటు వచ్చే లెన్స్‌ను జూమ్ చేస్తే చాలావాటిలో అది తెరుచుకోవడం ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. ఎఫ్/2.8 లెన్స్ దానికి నాలుగు రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. మసక హాల్లో కదులుతున్న మనిషి స్పష్టంగా వస్తాడా, అలికేసినట్టు వస్తాడా అన్నది అక్కడే తేలిపోతుంది. కొనలేకపోతే అద్దెకు తెచ్చుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంటికొచ్చాక నిద్ర ఎంత ముంచుకొస్తున్నా ఫోటోలు మూడు చోట్లకు చేరాలి. అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి. అప్పటిదాకా కార్డులు చెరపకూడదు.

డబ్బు లెక్క దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. పది పన్నెండు గంటలు నిలబడి తీసింది పనిలో సగం కూడా కాదు. నాలుగు వేల ఫోటోల్లోంచి ఏడు వందలు ఏరాలి, ఒక్కోదాని రంగు సరిచేయాలి. ఏరడానికి ఒక రోజు, ఫోటోకు రెండు నిమిషాల చొప్పున వేసుకున్నా సరిచేయడానికి ఇరవై మూడు గంటలు. ఆల్బమ్ పని వేరు, ఫోను మాటలు వేరు. మీ ధరను ఈ గంటలన్నిటితో భాగించి చూడండి. కెమెరా కూడా అరుగుతుంది. మధ్యరకం కెమెరాల షట్టర్‌కు తయారీదారులు సాధారణంగా చెప్పే ఆయుష్షు 1,50,000 నుంచి 2,00,000 క్లిక్కులు. పెళ్లికి నాలుగు వేల చొప్పున వేస్తే నలభై, యాభై పెళ్లిళ్లకే అంచు కనిపిస్తుంది. ఆ ఖర్చు ధరలో లేకపోతే చేతి నుంచే పోతుంది. పైగా పెళ్లిళ్లు ఏడాది పొడవునా ఉండవు. ఖాళీ నెలలకు సరిపడా డబ్బు పక్కన లేకుండా ఉద్యోగం మానేయకండి, దయచేసి.

కాగితం రాసుకోండి. అవతలివాళ్లు బంధువులైనా సరే, బంధువులైతే మరీను. ఎన్ని గంటలు, ఎన్ని ఫోటోలు, ఏ తేదీకి ఇస్తారు, తేదీ మారితే అడ్వాన్సు సంగతేమిటి, మీరు జ్వరంతో పడుకుంటే మీ బదులు ఎవరు వస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. ఫోటోల మీద హక్కు ఎవరిదన్నది దేశాన్ని బట్టి మారుతుంది, మీ దగ్గర చట్టం ఏమిటో తెలుసుకుని అదీ రాయండి. వాళ్ల అనుమతి లేకుండా ఒక్క ఫోటో కూడా మీ పేజీలో పెట్టకండి. పెళ్లికూతురు ముస్తాబవుతున్న గదిలోకి మిమ్మల్ని రానిచ్చారంటే అది ఎంత నమ్మకమో ఒక్కసారి ఆలోచించండి.

సందేశం పంపిన ముగ్గురికీ నా జవాబు ఒకటే. ఉద్యోగం ఇప్పుడే వదలకండి. సెలవు రోజుల్లో ఎవరి వెంటైనా వెళ్లి ఒక సీజనంతా రెండో కెమెరా పట్టండి. చెప్పులు లేకుండా రాత్రి రెండింటి దాకా నిలబడ్డాక కూడా మళ్లీ వెళ్లాలనిపిస్తే నాకు రాయండి. ఏ కెమెరా కొనాలో అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.