ఆల్ సీజన్ టైరు: కొన్ని ధర్మసందేహాలు

నవంబర్ వచ్చిందంటే న్యూజెర్సీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దీపావళి టపాసుల గొడవ సద్దుమణిగి, రాబోయే మంచుని తలుచుకుని టైర్ల గొడవ మొదలవుతుంది. ఎవరో ఒక అమాయకుడు పొద్దున్నే అడుగుతాడు: "ఫ్రెండ్స్, మా టయోటా హైలాండర్‌కి మంచి ఆల్ సీజన్ టైర్లు ఏవో చెప్తారా?" మధ్యాహ్నానికల్లా గ్రూపు రెండు పార్టీలవుతుంది. "మిషెలిన్, కళ్లు మూసుకుని తీసుకో బ్రో" అని ఒకరు. "అవును మరి, తెరిస్తే బిల్లు కనబడుతుందిగా" అని ఇంకొకరు. "మా బావగారు కాంటినెంటల్ వేయించారన్నా, చంటిపిల్ల నిద్ర లేవకుండా డెలావేర్ దాకా వెళ్లొచ్చారు" అని మూడో ఆయన సాక్ష్యం. మధ్యలో ఒకావిడ వీకెండ్‌కి గోంగూర మటన్ ఆర్డర్లు తీసుకుంటున్నానని పెడుతుంది. రోజు మొత్తంలో రెండు పార్టీలూ కలిసి లైక్ కొట్టేది ఆ ఒక్క మెసేజ్‌కే.

దీన్ని కాలక్షేపం అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇది జాతి మేధస్సుకి సంబంధించిన విషయం. ఇల్లు కొన్నప్పుడు మనవాడు ఈశాన్యం ఒక్కటి చూసుకుని ముప్పై ఏళ్ల అప్పు మీద సంతకం పెట్టేశాడు. యాభై వేల డాలర్ల ఎస్‌యూవీ ఏ రంగుదో ఏడో క్లాసు చదివే కూతురు తేల్చేసింది. అలా పొదుపు చేసుకుంటూ వచ్చిన తెలివితేటలన్నీ టైరు దగ్గర ఒక్కసారిగా బయటికి తీస్తాడు.

ముందు ఎక్సెల్ షీటు తెరుస్తాడు. అందులో ధర, డిస్కౌంటు, వారంటీ మైళ్లు, చివర్లో పసుపు రంగు కొట్టిన కాలమ్ ఒకటి: మైలుకి ఎన్ని సెంట్లు. ఒక రకం నాలుగు టైర్లూ కలిపి 960 డాలర్లు, వారంటీ 80 వేల మైళ్లు అనుకుందాం. మైలుకి 1.2 సెంట్లు. ఇంకో రకం 1000 డాలర్లు, వారంటీ 60 వేల మైళ్లు. మైలుకి సుమారు 1.67 సెంట్లు. ఏడాదికి పది వేల మైళ్లు తిరిగే సంసారికి తేడా 47 డాలర్లు. ఓక్ ట్రీ రోడ్డులో ఇంటిల్లిపాదీ ఒక పూట టిఫిన్ చేస్తే అయిపోయే డబ్బు. అయినా మూడు శనివారాలు ఆ 47 డాలర్లకే అంకితం.

ఇక్కడ రబ్బరు తరఫున ఒక మనవి. ఎక్కువ మైళ్లు రావాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి. రోడ్డుని పట్టుకోవాలంటే మెత్తగా ఉండాలి. కంపెనీలు సిలికా కలిపి ఈ ఇద్దరి మధ్యా రాజీ కుదురుస్తుంటాయి గానీ, రాజీ అన్నాక ఎవరో ఒకరు ఎంతో కొంత వదులుకోవాల్సిందే. ఒకే కంపెనీ చేసే రెండు టైర్లు చూడండి: మిషెలిన్ డిఫెండర్ 2కి 80 వేల మైళ్ల వారంటీ ఉంది, కొండ మీద మంచు పువ్వు గుర్తు (మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకి వేసేది) లేదు. క్రాస్‌క్లైమేట్ 2కి ఆ గుర్తు ఉంది, వారంటీ 60 వేలే. మనవాడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, గుర్తుని బొమ్మ అనుకుని వదిలేసి, మైళ్లని పట్టుకుంటాడు.

పైగా వారంటీ అంటే టైరు అన్ని మైళ్లూ నడుస్తుందని కంపెనీ ఒట్టు వేయడం కాదు. ముందే అరిగిపోతే, నడవని మైళ్లకి లెక్కగట్టి కొత్త టైరు ధరలో కొంత తగ్గిస్తారు. అదీ వేళకి రొటేషన్ (టైర్లని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మార్చడం) చేయించిన రసీదులన్నీ చూపిస్తేనే. అందుకే ఎడిసన్‌లో కొన్ని ఇళ్లల్లో ఐ-797 అనే వీసా ఆమోదం కాగితాలున్న ఫైల్లోనే టైరు రొటేషన్ రసీదులు కూడా భద్రంగా ఉంటాయి. రెండూ ఎప్పుడు అడుగుతారో తెలియదు కదా.

ఇక టైరు పక్కన అచ్చువేసే గ్రేడ్ల సంగతి. ట్రెడ్‌వేర్ (అరుగుదల) 700, ట్రాక్షన్ (పట్టు) ఎ, టెంపరేచర్ (వేడిని తట్టుకోవడం) ఎ. చూడగానే గవర్నమెంటు రాజముద్రలా ఉంటుంది. పరీక్ష పద్ధతి గవర్నమెంటుదే, కాదనను. టెక్సస్‌లో శాన్ ఆంజెలో అనే ఊరి చుట్టూ 400 మైళ్ల రూటు ఉంది. దాని మీద టైరుని 7,200 మైళ్లు తిప్పి, పక్కనే నడిచే నమూనా టైరుతో పోల్చి, అరుగుదల ఎంతో చూస్తారు. మిగతా జీవితమంతా ఊహాగణితం. ఆ లెక్క చేసి అంకె వేసుకునేది టైరు కంపెనీయే. అంటే పెళ్లికొడుకు తరఫువాళ్లే రాయించి తెచ్చిన జాతకం. అన్ని ఋతువులకూ పనికొచ్చే టైరు ఆయుష్షుని మంచు అరుదుగా పడే పశ్చిమ టెక్సస్‌లో తేల్చడంలోని ఔచిత్యాన్ని పండితులే చెప్పాలి.

అసలీ ఆల్ సీజన్ సదుపాయం మన తాతల నాటిదేమీ కాదు. అమెరికాలో ఒకప్పుడు చలికాలం ముందు మంచు టైర్లు బిగించుకోవడం, వసంతంలో విప్పి గరాజ్‌లో పడేయడం మామూలు. 1977లో గుడ్‌ఇయర్ టియెంపో అనే టైరు వచ్చి, ఏడాది పొడుగునా ఇదే వాడుకోండి అంది. బద్ధకానికి ఇంత గౌరవప్రదమైన పేరు అంతకుముందు ఎవరూ పెట్టలేదు. అప్పటినుంచీ టైరు మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటే బురదకీ మంచుకీ సిద్ధం అని అర్థం చేసుకుంటున్నాం. నిజానికి అది టైరు మీది గాడుల ఆకారాన్ని బట్టి కంపెనీ వేసుకునే ముద్ర. దానికోసం మంచు మీద నడిపి చూడక్కర్లేదు. కెనడాలోని క్యుబెక్‌లో రిజిస్టరైన కార్లకి డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఆ ముద్ర చెల్లదు. మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు ఉండాలి, లేదా ఇనుప మేకులు బిగించిన టైరైనా కావాలి.

ఆ కొండ గుర్తుకైతే పరీక్ష ఉంది. గట్టిపడ్డ మంచు మీద నమూనా టైరు కంటే కనీసం పది శాతం మెరుగ్గా పట్టు చూపించాలి. అయితే అమెరికా పద్ధతిలో చూసేది బండి ముందుకి కదిలేటప్పటి పట్టు. ఎంత దూరంలో ఆగుతుందన్నది ఆ గుర్తు చెప్పదు. ఆగడం గురించి మాట్లాడేది ట్రాక్షన్ గ్రేడు ఒక్కటే. అదీ తడిసిన రోడ్డు మీద తిన్నగా ఆగడం వరకే, మంచుతో దానికి సంబంధం లేదు. ఎక్కువ టైర్లకి అందులో 'ఎ' వస్తుంది కాబట్టి ఆ కాలమ్‌లో పోటీ మజా లేదని మనవాడు ఎప్పుడో డిలీట్ చేశాడు.

"మనకేంటి బ్రో, ఆల్ వీల్ డ్రైవ్" అంటాడు. ఇది కూడా కదలడానికి పనికొచ్చేదే. పొకనోస్‌లో కొండెక్కేటప్పుడు నాలుగు చక్రాలూ లాగుతాయి, సంతోషం. దిగేటప్పుడు పట్టాల్సింది బ్రేకులు. నాలుగు చక్రాలకీ బ్రేకులు పక్కింటాయన పాత కరోలాకీ ఉన్నాయి, పైగా దాని బరువు తక్కువ. రెండు టన్నుల హైలాండర్‌ని రోడ్డుకి అంటిపెట్టుకుని ఉండేది అరచేయంత రబ్బరు నాలుగు చోట్ల.

ఆల్ వీల్ డ్రైవ్‌తో వచ్చే అసలు వేడుక మేకు దిగినప్పుడు తెలుస్తుంది. మేకు మధ్యలో దిగితే ప్యాచ్ వేస్తారు. పక్కగోడలో దిగితే టైరు పారేయాలి. అప్పుడు సుబారు కారు ఉన్నాయనకి కొత్త పాఠం: నాలుగు టైర్ల చుట్టుకొలతలో పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదని ఆ కంపెనీ చెబుతుంది. సగం అరిగిన మూడింటి పక్కన కొత్తది కుదరదు. కాబట్టి నాలుగూ కొనాలి. లేదా ఒక కొత్త టైరు కొని, దాన్ని మిషన్ మీద పెట్టించి, మిగతా మూడింటి స్థాయికి చెక్కించాలి. డబ్బిచ్చి కొన్న మైళ్లని మళ్లీ డబ్బిచ్చి అరగదీయించడం! మైలుకి 1.2 సెంట్లు లెక్కగట్టిన మనిషి టైర్ల షాపులో నిలబడి, తన మైళ్లు నల్లటి పొట్టుగా రాలుతుంటే చూడటం మామూలు శిక్ష కాదు.

టైరుకి మనం పెట్టే పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. బ్రిడ్జ్‌వాటర్ గుడి పార్కింగ్‌లో కొత్త బండికి పూజ చేయించి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతాం. ఇంతవరకూ ఏ బ్రాండూ ఫెయిలవలేదు. అమెరికావాళ్లకీ ఒకటుంది: పెన్నీ బిళ్లని తలకిందులుగా గాడిలో పెట్టి, లింకన్ తల మొత్తం కనిపిస్తే టైరు అయిపోయినట్టు లెక్క. అది చట్టం చెప్పే 2/32 అంగుళం హద్దు. పావలా బిళ్లతో వాషింగ్టన్ తల చూస్తే 4/32 దగ్గరే తెలిసిపోతుంది, తడి రోడ్డుకి అదే నయం. మనవాడు మాత్రం పెన్నీనే నమ్ముతాడు. ఇరవై నాలుగు సెంట్లు ఆదా.

ఈ మూడు వారాలూ కారు డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఆశ్చర్యార్థకం గుర్తు వెలుగుతూనే ఉంది. చలికి ప్రతి పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కీ టైర్లో గాలి సుమారు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పడిపోతుంది. వావా పెట్రోలు బంకుల్లో గాలి ఉచితం. ఉచితం కాబట్టి పోల్చడానికి ఏమీ లేక, షీటులో దానికి చోటు దొరకలేదు.

చివరికి ఏ టైరు కొన్నాడంటే, ఆ వారం కాస్ట్‌కోలో దేనిమీద డిస్కౌంటు ఉందో అది. ఈ టైర్లు సగం కూడా అరగకముందే హైలాండర్ ఇచ్చేసి పెద్ద వ్యాన్ సియెన్నా తీసుకుంటాడు, ఎందుకంటే అత్తగారు, మామగారు వస్తున్నారు. సాధారణంగా వారంటీ మొదట కొన్నవాడితోనే సరి, మిగిలిన మైళ్లు ఎవరి ప్రాప్తమో. ఇంకో మాట: ఫ్యాక్టరీ నుంచి హైలాండర్‌తో పాటు వచ్చిన టైర్ల మీద మనవాడు నాలుగేళ్లు భార్యాపిల్లల్ని తిప్పాడు. అవి ఏ కంపెనీవని గ్రూపులో ఎవరో అడిగితే, "నల్లగా ఉండేవి బ్రో" అన్నాడు.