ఆసు పోసిన చేతికి కూలి ఏ పద్దులో?

చేనేత ఇంటికి నేరుగా ఫోన్ చేసి చీర కొనేవాళ్లలో చాలామంది అడిగే మాట ఒకటే. "మధ్యలో దళారీ లేడు కదండీ, షాపు రేటుకంటే తగ్గాలి కదా?" ఇందులో దురాశ ఏమీ లేదు. ఇన్నేళ్లుగా పేపర్లూ టీవీలూ చెప్పిందీ అదే: నేతగాణ్ని ముంచేది దళారీ, అతణ్ని తీసేస్తే నేసేవాడికీ లాభం, కట్టుకునేవాళ్లకీ లాభం. మాది చౌటుప్పల్ దిక్కు, ఇక్కత్ (దారానికి ముందే కట్లు కట్టి రంగులు వేసి నేసే బట్ట) నేసే ఇల్లు. కొన్నేళ్లుగా సగం సరుకు షాపులకు వేస్తూ మిగతా సగం సొంతంగా అమ్ముకుంటున్నాం. ఆ అనుభవంతో చెప్పాలంటే, దళారీ పోతాడు గానీ దళారీ పని పోదు. అది ఇంటి మీద పడుతుంది. ఇంట్లో ఎవరి మీద పడుతుందన్నదే అసలు సంగతి.

మా ఊళ్లలో సేటు అనో మాస్టర్ వీవర్ అనో పిలిచే మనిషి చేసేదేమిటి? నూలు, పట్టు తనే తెచ్చిస్తాడు. డిజైన్ ఇస్తాడు. వార్పు, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించిన నిలువు దారం, దిగగానే కూలి లెక్కగట్టి చేతిలో పెడతాడు. చీర అమ్ముడుపోయిందా లేదా అన్న రంది నేసినవాడికి ఉండదు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగినా, ఆషాఢంలో షాపులు కొత్త సరుకు ముట్టకపోయినా ఆ చీరల్ని బీరువాలో పెట్టుకుని కూర్చునేది ఆయనే. ఒక రంగు పాతబడి ఎవరూ అడగకపోతే ఆ నష్టమూ ఆయనదే. ఇందుకు ఆయన తీసుకునే లాభం ఎక్కువే, కూలి దగ్గర పిసినారితనమూ ఎక్కువే. కాదనను. మరి ఆయన్ని తప్పించి సొంతంగా నేసుకునే ఇంట్లో డబ్బు ఎట్లా నడుస్తుందో చూడండి. ఒక వార్పుకు ఏడో ఎనిమిదో చీరలు. నూలు కొన్ననాడే చేతిలోంచి డబ్బు పోతుంది. చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారానికి కట్లు వేసి), రంగుల్లో ముంచి, ఆరబెట్టి, అచ్చు అతికి (కొత్త పోగుల్ని మగ్గం మీది పాత పోగుల కొసలకు కలిపి), నేసి, ఆఖరి చీర మగ్గం మీంచి కోసేసరికి నెలన్నర, రెండు నెలలు. పడుగుకూ (నిలువు దారం) పేకకూ (అడ్డ దారం) రెండింటికీ చిటికి ఉండే డబుల్ ఇక్కత్ అయితే ఇంకా ఎక్కువ. హైదరాబాద్ షాపు ఆ సరుకు దించుకుని మూడు నెలలకు డబ్బులిస్తుంది. ఉగాదికి పెట్టిన రూపాయి రాఖీ పున్నమికి ఇల్లు చేరితే అదృష్టమే. ఈలోపు రంగులు వేసే మనిషికి వారం వారం ఇవ్వాల్సిందే, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు కట్టాల్సిందే. ఆగగలిగేది ఒక్కటే, ఇంట్లోవాళ్ల కూలి. దాన్ని ఆపి ఆపి చివరికి అడగడమే మర్చిపోయేలా చేశాం.

పేక ఇక్కత్‌లో మొదటి పని ఆసు పోయడం. ఒక పక్క అర్ధచంద్రంలా వరసగా మేకులు, ఎదురుగా ఒక్క గుంజ. దారాన్ని గుంజ నుంచి మేకుకు, మేకు నుంచి గుంజకు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడుతుంది. నల్గొండ చేనేత ఇళ్లలో ఇది ఆడవాళ్ల పని. కుడి భుజం పైకి లేవని అమ్మలు మా ఊళ్లలో ఏ గల్లీకి పోయినా కనిపిస్తారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు మిషన్ తయారు చేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. ఆ తర్వాత జరిగిన దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మిషన్ కొనుక్కున్న ఇళ్లు ఇరుగుపొరుగు చీరలకూ ఆసు పోసిస్తున్నాయి, చీరకు ఇంతని తీసుకుంటున్నాయి. అంటే ఆసుకు ఒక రేటు పుట్టింది. అమ్మ చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడినన్నాళ్లూ చీర ఖర్చులో ఆసు అనే పద్దే లేదు. అదే పని మోటారు చేసిననాటి నుంచి పద్దు తెరుచుకుంది.

నా వాదనంతా ఇక్కడే ఉంది. ఇల్లే కార్ఖానా అయిన చేతివృత్తిలో చికాకు పెట్టే ఖర్చులన్నీ పుస్తకానికి ఎక్కుతాయి. ఎవరి దయతో పని నడుస్తోందో వాళ్ల పని పుస్తకానికి ఎక్కదు. కాబట్టి మేం చెప్పే రేటే తప్పు రేటు.

ఆసు ఒక్కటే కాదు. ఆసు దిగిన దారాన్ని చెక్క ఫ్రేముకు బిగించి, గ్రాఫు చూసుకుంటూ గీతలు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సన్నగా కోసిన సైకిల్ ట్యూబు రబ్బరు చుడతారు. చుట్టు కాస్త వదులైతే రంగు లోపలికి జారుతుంది, పువ్వు పాడవుతుంది. మరీ బిగిస్తే రబ్బరు తెగి మొహానికి తగులుతుంది. ఒక రంగు అయ్యాక కొన్ని కట్లు విప్పి, కొత్తవి కట్టి, మళ్లీ ముంచాలి. మా ఇంట్లో ఇది అన్నం ఉడికేలోపు కాసేపు, సీరియల్ చూస్తూ కాసేపు, అందరూ పడుకున్నాక కాసేపు జరిగే పని. ఎంతసేపు పట్టిందంటే మా ఆవిడకే లెక్క తెలియదు. నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టేది చూపు తగ్గిన నాయనమ్మ. గద్వాల దిక్కు పోయినా పెద్ద తేడా ఉండదు. అక్కడ ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే కలిపే కుప్పడం పనిలో నేసే మనిషి పక్కన ఇంకో చెయ్యి సాయం ఉండాలి. ఆ చెయ్యి చాలావరకు భార్యదే. చీర మాత్రం భర్త నేసినట్టే లెక్క.

ఇక చికాకులంటారా, వాటికి కొదవ లేదు. ఇక్కత్ పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. నేయకముందే దారానికి రంగు వేస్తాం కాబట్టి అట్లా ఉండాల్సిందే. ప్రింటు చీరలో గీత కత్తిరించినట్టు ఉంటుంది, తిరగేస్తే రంగు వెలవెలబోతుంది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ఆ చెదిరిన అంచునే ఫొటో తీసి "డిజైన్ బ్లర్ అయింది, రిటర్న్ తీసుకోండి" అని పంపుతారు. అసలు సరుకని చెప్పే ఆనవాలే లోపమై తిరిగొస్తుంది. రానుపోను కొరియర్ ఖర్చు మాదే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, తర్వాత గద్వాల, నారాయణపేట చీరలకు వచ్చింది, 2020లో పుట్టపాక తేలియా రుమాలుకూ (నూనెలో నానబెట్టిన నూలుతో నేసే ఇక్కత్) వచ్చింది. అయినా ఆ ఊళ్ల పేర్లతోనే ప్రింటు చీరలు వందల్లో అమ్ముతుంటే అడిగే నాథుడు లేడు. నూలు మీద 5 శాతం, రంగుల మీద 18 శాతం జీఎస్టీ. రిజిస్ట్రేషన్ లేని చిన్న ఇంటికి అందులో రూపాయి వెనక్కి రాదు. మా బోరు నీళ్ల సంగతి నల్గొండ పేరు విన్న ఎవరికైనా తెలిసిందే. ఆ నీళ్లలో ఎరుపు ఒకచోట ముదురుతుంది, ఒకచోట తేలిపోతుంది. ముసురు పట్టిందంటే గుంట మగ్గంలో చెమ్మ, వీధిలో పడుగు సాపే (పొడవుగా పరిచి సరిచేసే) దారి ఉండదు. ఇవన్నీ చెప్పుకుంటే వినేవాళ్లుంటారు. చేనేత కష్టాల మీద సానుభూతికి మన దగ్గర ఎప్పుడూ కరువు లేదు.

మేలు చేసినవాళ్ల లెక్క చెప్పడం కొంచెం కష్టం, ఎందుకంటే అది మూడు రకాలుగా నడుస్తోంది. నూలు కొట్టాయన పుస్తకంలో మా పేరు మీద బాకీ లేని నెల ఉండదు. ఆయన గట్టిగా అడిగితే మగ్గం ఆగిపోతుంది, అడగడు. ఆయనంటే గౌరవమే. అయితే ఉద్దెర రేటు వేరు, నగదు రేటు వేరు. ఆయన మంచితనానికి మేం వడ్డీ కడుతూనే ఉన్నాం. పడుగు సాపే పొద్దున ఇంటికొక మనిషి వచ్చి పట్టుకుంటారు, చాయ్ తాగి పోతారు. రేపు వాళ్ల పడుగుకు మేం పోతాం, అక్కడికి చెల్లు. ప్రతి బతుకమ్మకు ముందే ఫోన్ చేసే పాలమూరు టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. "ఈసారి ఏం రంగులు వేస్తున్నరు?" అని అడిగి, చీర మగ్గం ఎక్కకముందే సగం డబ్బు పంపుతారు. ఆ అడ్వాన్స్ విలువ ఆవిడకు తెలుసో లేదో గానీ, వడ్డీ లేకుండా మాకు అప్పిస్తున్నది ఆవిడే. వీళ్లందరి రుణం ఏదో ఒక రూపంలో తీరుతోంది. తీరనిది ఇంట్లోవాళ్లది. అక్కడ కృతజ్ఞతే కూలి కింద చెల్లిపోతోంది. ఆగస్టు 7న చేనేత దినోత్సవం నాడు శాలువా కప్పించుకున్న మా వాళ్లు మైకు ముందు "నా వెనక మా అమ్మ, నా భార్య ఉన్నారు" అంటారు. చప్పట్లు పడతాయి. వాళ్లు వెనకే ఎందుకున్నారు, ముందు వరస కుర్చీలో ఎందుకు లేరని ఎవరూ అడగరు.

సర్కారు లెక్కలకు ఈ సంగతి తెలియదనీ కాదు. 2019-20 నాటి నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో నేత, అనుబంధ పనుల్లో ఉన్నవాళ్లలో 70 శాతానికి పైగా ఆడవాళ్లే. మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల రాబడి 5,000 రూపాయల లోపే. తెలంగాణలో 2017లో మొదలైన నేతన్నకు చేయూత పొదుపు పథకంలో కూలి నుంచి 8 శాతం పొదుపు చేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపేది. అనుబంధ కార్మికులనూ అందులో చేర్చారు. మంచి పథకమే. కూలిలో 8 శాతం కట్టాలంటే ముందు కూలి అనేది ఒకటి ఉండాలి కదా. ఇంట్లో ఆసు పోసే అత్తకు, చిటికి కట్టే కోడలికి అదే లేదు. చేనేత ముద్ర రుణం 6 శాతం వడ్డీకి ఇస్తారు. 2024 సెప్టెంబరులో చేనేత రుణాల మాఫీ కూడా ప్రకటించారు. బ్యాంకు బాకీ ఉన్నవాళ్లకు ఊరటే. అయితే చేనేత ఇల్లు అన్నిటికంటే ఎక్కువ అప్పు తీసుకున్నది ఇంట్లోవాళ్ల దగ్గరే. ఇవ్వని కూలి రూపంలో. అది ఏ బ్యాంకు పుస్తకంలోనూ లేదు కాబట్టి ఎవరూ ప్రకటించకుండానే ఎప్పుడో మాఫీ అయిపోయింది.

దీనికి ఎదురు ప్రశ్న మా నాన్న నోట రోజూ వింటాను. "ఇంట్ల మనిషికి కూలేందిరా? గట్ల లెక్కవెడితే మగ్గం బంద్ వెట్టుడే." ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ప్రింటు చీరతో ధరలో పోటీపడే మామూలు కాటన్ ఇక్కత్ మీద అన్ని చేతుల కూలీ వేస్తే అది అమ్ముడుపోదు. నేనైతే అట్లాంటి సరుకు నేయడం మానడమే మేలంటాను. జీతం లేని చేతుల మీద మాత్రమే నిలబడే చీర నిలబడి ఎవరికి లాభం? కొయ్యలగూడెం, సిరిపురం దిక్కు దుప్పట్లు, డ్రెస్ మెటీరియల్ వైపు పోయిన ఇళ్లు ఉన్నాయి. పుట్టపాకలో తేలియా లాంటి కష్టమైన పనికి కట్టుబడినవాళ్లూ ఉన్నారు. ఎవరి దారి వాళ్లు చూసుకోవచ్చు, లెక్క సరిగా వేసుకున్నాక.

లెక్క తప్పు వేయడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. మా ఊరి పిల్లలు హైవే పక్క కంపెనీల్లో షిఫ్టులకు పోతున్నారు. ఇంటికొచ్చి "మగ్గం మీద వచ్చేది నా జీతమంత ఉందా?" అని అడుగుతారు. చాలా ఇళ్లలో అటూ ఇటూగా సరిపోతుంది, దాంతో పెద్దవాళ్లు గెలిచినట్టు మాట్లాడతారు. కానీ కంపెనీలో వచ్చేది ఒక్కడి జీతం. మగ్గం మీద వచ్చేది నలుగురి రాబడి. నలుగురిదీ ఒక్కడి పేరున చెప్పుకుంటున్నాం. మగ్గం ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి తల్లిదండ్రులు వెనకాడుతున్నారని పెద్దలు బాధపడుతుంటారు. వెనకాడరా మరి? పెళ్లైన మర్నాటి నుంచి తమ బిడ్డ ఏ పని చేయాలో, ఆ పనికి ఎంత ముడుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఆ తల్లులూ ఆసు పోసి వచ్చినవాళ్లే.

మా ఇంటి పుస్తకంలో ఇప్పుడు ఆసు, చిటికి, కండెలు అని మూడు కొత్త పద్దులు పెట్టాం. బయట చేయిస్తే ఎంత అవుతుందో అంతే వేస్తున్నాం. వార్పు డబ్బులు రాగానే మా ఆవిడ, అమ్మ, నాయనమ్మ పేర్ల మీద విడివిడిగా తీస్తున్నాం. నాయనమ్మ తన వాటాతో మందుల షాపు బాకీ తనే కట్టుకుని, మిగిలింది ఎంతో ఎవరికీ చెప్పడం లేదు. నాన్న ఆ పుస్తకం ముట్టడు. చీర ధర మాత్రం పెరిగింది. ఫోన్‌లో కొనేవాళ్లలో కొందరు కారణం విని సరేనన్నారు, కొందరు మళ్లీ చేయలేదు. హైదరాబాద్ షాపాయన "నూలు పెరగలేదు, పట్టు పెరగలేదు, రేటెట్ల పెరిగింది?" అని నిలదీశాడు. కొత్త పద్దులు చదివి వినిపించాం. "అది మీ ఇంటి పనే కదా" అన్నాడు. అరగంట బేరం తర్వాత ఆర్డరు సగానికి తగ్గించాడు. ఆ సగానికి మాత్రం కొత్త రేటే ఒప్పుకున్నాడు. డబ్బులు మూడు నెలలకు కాదట, నాలుగు నెలలకట.