మరి వాళ్ళ సంగతేంది?

కావలి ట్రంకు రోడ్డు పక్కన, రొయ్యల మేత అమ్మే ఒక కొట్టు ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. ప్రపంచ శాంతికి సంబంధించిన ముఖ్య నిర్ణయాలు కొన్నేళ్ళుగా అక్కడే జరుగుతున్నాయని, ఐక్యరాజ్యసమితికి ఈ సంగతి ఇంకా తెలియపరచలేదని పాఠకులకు మనవి చేసుకుంటున్నాను. 2022లో ఆ సభకు ఒక మహత్తరమైన ఆయుధం దొరికింది. ఉక్రెయిను యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ధర కొండెక్కిన రోజులవి. రష్యాను మా బావమరిది దుమ్మెత్తిపోస్తూ ఉండగా, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు నెమ్మదిగా, "మరి 2003లో అమెరికా ఇరాక్ మీద పడిన సంగతేంది నాయనా?" అని అడిగారు. పూర్వమైతే ఇలాంటి ప్రశ్నకు ఏదో ఒక సమాధానం వెతుక్కోవలసి వచ్చేది. మా వాడు మాత్రం టీవీ చర్చలో విన్న మాటను బయటికి తీసి, "ఇది వాటబౌటిజం!" అని టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. ఒకరి తప్పు గురించి అడిగితే, బదులు చెప్పకుండా "మరి వాళ్ళ సంగతేంది?" అని ఇంకొకరి తప్పు చూపించడానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరది. మాస్టారు ఖిన్నులయ్యారు. చర్చ ముగిసింది.

ఈ ఎదురుప్రశ్న విద్యకు పుట్టిల్లు మాస్కో అంటారు. సోవియట్ జైళ్ళ గురించి అడిగితే, "మీ దగ్గర నల్లవాళ్ళను చెట్లకు ఉరితీస్తున్నారు కదా" అని అమెరికాకు చెప్పిన జవాబు చివరికి సోవియట్ దేశంలోనే జోకై కూర్చుంది. 1970లలో ఉత్తర ఐర్లండువారు కూడా ఒకరి బాంబును ఇంకొకరి బాంబుతో చెల్లుబెట్టుకునే ఈ పద్ధతికి ఒక పేరు పెట్టుకున్నారు. కానీ జిల్లా అభిమానం ఉన్నవాడిగా నేను ఈ ఘనతను పరాయివారికి వదులుకోలేను. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి, పశువుల మేతకు పుల్లరి అనే పన్ను ఎందుకు కట్టలేదని నిలదీస్తే, "ముందు మా ఆవులను చంపించిన మాటేమిటి?" అని ఆలమందల నాయకుడు కాటమరాజు ఎదురడిగినట్టు ఆ కథ పాడేవారు నేటికీ చెబుతారు. ఇద్దరి ప్రశ్నలూ న్యాయమైనవే. ఇద్దరిలో ఎవరూ బదులు చెప్పలేదు గనుక, మధ్యలో మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన ప్రాణం పోయింది.

మా సభలో ఈ మాటకున్న సౌలభ్యం 2025 ఆగస్టులో సంపూర్ణంగా వెల్లడైంది. రష్యా చమురు కొంటున్నామని చెప్పి అమెరికా మన సరుకు మీద అదనంగా 25 శాతం సుంకం వేసి, మొత్తం 50 శాతం చేసింది. అప్పటికి మన రొయ్యకు అతిపెద్ద గిరాకీ అమెరికాదే కాబట్టి, ఎక్కడో జరుగుతున్న తగవు సరాసరి మా చెరువు గట్టెక్కింది. ఆ సుంకం వేస్తామన్న బెదిరింపు వచ్చినప్పుడే మన విదేశాంగ శాఖ, అమెరికా మాత్రం రష్యానుంచి యురేనియం హెక్సాఫ్లోరైడు, పల్లాడియం, ఎరువులు కొనడం లేదా, ఐరోపా గ్యాసు తెప్పించుకోవడం లేదా అని అడిగింది. "చూశావా బావా, గూబ గుయ్యిమనేటట్టు అడిగినారు!" అని మా బావమరిది పొంగిపోయాడు. ఇది ఆ మాట కిందికి రాదా అని అడిగాను. రాదట. అడిగేది మనమైనప్పుడు దాన్ని నిలదీయడం అంటారట. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న మన పాత సూత్రాన్ని విదేశాంగ నీతికి ఇంత చక్కగా అన్వయించినవారిని నేను చూడలేదు.

పత్రికల విషయానికి వస్తే సూత్రం మరింత సులువు: మనవాడు రాస్తే వార్త, అవతలివాడు రాస్తే ప్రచారం. 2022 మార్చిలో ఐరోపా సమాఖ్య రష్యా ప్రభుత్వ చానళ్ళను ఆపివేసింది. అదే నెలలో రష్యా, తన సైన్యం గురించి అబద్ధం రాశారంటే 15 ఏళ్ళ దాకా జైలు అని చట్టం చేసింది. ఈ రెండూ ఒకటే అనేవాడు లెక్క రానివాడు. రెంటినీ పక్కపక్కన పెట్టనే కూడదనేవాడికి లెక్క చూపించడం ఇష్టం లేదు. 2003 యుద్ధానికి సాకుగా చూపిన, ఇరాక్‌లో లేని ఆయుధాల గురించి తాము వేసిన వార్తల్లో జాగ్రత్త చాలలేదని న్యూయార్క్ టైమ్స్ 2004 మేలో ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలును ఇప్పుడు ఎవరైనా గుర్తుచేస్తే, పాపం, అతనికీ అదే ముద్ర పడుతుంది.

నిజానికి ఈ చిక్కును, రెండో ప్రపంచ యుద్ధం తరవాత నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గు న్యాయమూర్తులు 1946లోనే ఎదుర్కొన్నారు. హెచ్చరిక లేకుండా ఓడలను ముంచాడని జర్మన్ నౌకాధిపతి డోనిట్స్‌పై అభియోగం. పసిఫిక్‌లో తామూ యుద్ధం మొదటి రోజునుంచే అలా ముంచామని అమెరికా నౌకాధిపతి నిమిట్జ్ లిఖితపూర్వకంగా చెప్పాడు. నేరం నేరమేనన్నారు న్యాయమూర్తులు. కాని ఆ పద్దు కింద శిక్ష మాత్రం లెక్కించలేదు. తక్కిన అభియోగాలకు పదేళ్ళు వేశారు. ఎదురుప్రశ్నను విన్నారు, తూచారు, తూగినంతవరకే ఇచ్చారు. ఇంత ఓపిక మా కుర్చీల దగ్గర ఎవరికీ లేదు, నాతో సహా.

మొన్న బావమరిది చెరువు పట్టుబడి జరిగింది. తెల్లవారుజామున గట్టు మీద కాటా పెట్టి, ట్రేకు రెండు కిలోలు నీటి తరుగు కింద వ్యాపారి కొట్టేస్తున్నాడు. నీళ్ళన్నీ కారిపోయాక తరుగేందని మా వాడు అడిగాడు.

"పక్క చెరువు కాడ మూడు తీస్తన్నారు గదన్నా" అన్నాడు వ్యాపారి, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"ఇది వాటబౌటిజం!" అని గర్జించాడు మా బావమరిది.

వ్యాపారి రాయడం ఆపాడు. ట్రేలోంచి ఒక రొయ్యను తీసి, టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "తెల్లమచ్చ తెలుసు గానీ, ఈ తెగులు పేరు ఇనలేదన్నా. ముందే చెప్పినావు, మంచి పని చేసినావు" అని, ట్రేకు మూడు కిలోలుగా దిద్దుకున్నాడు.