బోర్డు మారిస్తే డి డ్రైవ్ ఎందుకు చావాలి?

ఆదివారం నుంచి ఈ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. పదో తరగతి మిత్రుల గ్రూపులో రెండుసార్లు, డీటీపీ వాళ్ల గ్రూపులో ఒకసారి, నీళ్ల ట్యాంకు గొడవల కోసం పెట్టుకున్న మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఒకసారి. మిగతా రెండూ నేరుగా నాకే, "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, నిజమేనా చూడు" అంటూ. "మదర్‌బోర్డు, ప్రాసెసర్ మార్చేవారు తప్పక చదవండి" అని మొదలవుతుంది. ఎనిమిది హెచ్చరికలు చేస్తుంది. "పది మందికి పంపి ఒక కంప్యూటర్‌ను కాపాడండి" అని ముగుస్తుంది. అన్నిటి సారం ఒకటే: పాత విండోస్‌ను కొత్త బోర్డు (కంప్యూటర్ భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు) మీద నడపకూడదు, డిస్కు మొత్తం ఫార్మాట్ కొట్టి, అంటే తుడిచేసి, కొత్తగా వేయాల్సిందే.

హనుమకొండలో శుభలేఖలు చేసే మా దుకాణంలోని కంప్యూటర్‌లో విండోస్ 2017లో వేసింది. ఆ తర్వాత దాని కింద బోర్డు రెండుసార్లు మారింది. రెండుసార్లూ పాత డిస్కునే తగిలించాను. మొదటిసారి తెర మీద "పరికరాలను సిద్ధం చేస్తున్నాం" అని రెండు మూడు నిమిషాలు తిరిగి, ఒకసారి రీస్టార్టై, నా పాత డెస్క్‌టాప్ మీదికే వచ్చింది. రెండోసారీ అంతే.

పాత విండోస్ కొత్త ప్రాసెసర్‌ను కాల్చేస్తుందట. అది మొదటి హెచ్చరిక. వేడి పెరిగితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, మరీ మించితే తానే ఆగిపోతుంది. ఆ పని చేయడానికి దానికి విండోస్ అనుమతి అక్కర్లేదు. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండా బిగిస్తే మాత్రం ఇబ్బందే. దాని గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

పాత డ్రైవర్లు (పరికరాలను నడిపించే చిన్న ప్రోగ్రాములు) మిగిలిపోయి వేగం సగానికి పడిపోతుందని రెండోది. విండోస్ లేచేటప్పుడు ఎదురుగా ఉన్న పరికరాలకే డ్రైవర్లను పిలుస్తుంది. లేనివాటి డ్రైవర్లు డిస్కులో ఓ మూల పడి ఉంటాయి, వాటితో పోయేది కాస్త చోటు మాత్రమే. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలను చూపమంటే అవి వెలిసిపోయిన రంగులో కనిపిస్తాయి. కంటికి కంపరంగా ఉంటే తీసేయండి. ఒక్క మినహాయింపు: పాత బోర్డు కంపెనీ ఇచ్చిన ఫ్యాన్ల, రంగు దీపాల సాఫ్ట్‌వేర్. అది నిజంగానే వెనకాల నడుస్తూ ఉంటుంది. బోర్డు విప్పకముందే తీసేయండి.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే చెప్పేవాడిని. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇది అక్షరాలా నిజం. ఆ విండోస్ వేసేటప్పుడే బోర్డు తీరును పసిగట్టి, దానికి తగిన పునాది ఫైలును ఒక్కదాన్నే ఎంచుకునేది. డిస్కును నడిపే చిప్ (డిస్కు కంట్రోలర్) మారితే తన డిస్కునే తాను చదవలేక నీలి తెర మీద 7బి అనే ఎర్రర్ కోడ్ చూపి చావుకేక పెట్టేది. దాని తర్వాతి విండోస్ విస్టా వచ్చాక ఆ పునాది ఎంపిక లేచిన ప్రతిసారీ జరగడం మొదలైంది. 2012లో విండోస్ 8 వచ్చాక పరిస్థితి ఇంకా మెరుగైంది. విండోస్ 7ను ఈనాటి బోర్డు మీదికి తేవడం మాత్రం ఇప్పటికీ వృథా ప్రయాసే. దానికి యూఎస్‌బీ 3 తెలియదు కాబట్టి కీబోర్డు, మౌస్ కదలవు, చూస్తూ కూర్చోవాలి. ఎక్స్‌పీకి మద్దతు 2014లోనే ముగిసింది. మెసేజ్ రాసినాయన మాత్రం ఇంకా అక్కడే కూర్చున్నాడు.

ఇప్పుడూ కొన్నిసార్లు పాత డిస్కు కొత్త బోర్డు మీద లేవదు, నిజమే. డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండి, కొత్త బోర్డు విండోస్‌ను లేపడానికి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిని తప్ప ఒప్పుకోకపోతే లేవదు. దానికి విండోస్ 10లోనే 2017 నుంచి ఎంబీఆర్‌టూజీపీటీ అనే సాధనం ఉంది. బోర్డు మార్చకముందు నడిపితే డేటా పోకుండా డిస్కు పద్ధతి మారుతుంది. ఇంటెల్ బోర్డుల్లో వీఎండీ అనే మీట ఆన్‌లో ఉన్నా ఇదే తంతు. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల తెరలో, దాన్ని ఆపి చూడండి. తాళం బిగుసుకుంటే నూనె చుక్క వేస్తాం కానీ ఇల్లు కూల్చం కదా.

మూడో హెచ్చరిక: లైసెన్సు ఎటూ పోతుంది కాబట్టి ఫార్మాట్ కొట్టి, నాలుగు వందలకు దొరికే కీ కొనుక్కోండి. ఇందులో సగం నిజం. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ బోర్డుతోనే పోతుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు మీతో వస్తుంది. 2016 ఆగస్టు అప్‌డేట్ నుంచి దాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించుకోవచ్చు. బోర్డు మార్చాక యాక్టివేషన్ పేజీలో "ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను" అని చెబితే సరిపోతుంది. మరి ఓఈఎం వాళ్లు ఫార్మాట్ కొడితే లైసెన్సు తిరిగొస్తుందా? కొత్తగా వేసిన విండోస్ కూడా ఆ కొత్త బోర్డు మీదే కదా కూర్చునేది! నాలుగు వందల కీ సంగతంటారా, అది చాలాసార్లు ఏదో సంస్థ టోకున తీసుకున్నది. ఏ రోజు ఆగిపోతుందో అమ్మినవాడే చెప్పలేడు.

డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ తప్పక మార్చాలట. మార్చండి, కొత్త బోర్డు పెట్టెలోనే ఉంటుంది. ఫార్మాట్ మూడుసార్లు కొడితే వేగం పెరుగుతుందట. మూడు ప్రదక్షిణలే కావాలంటే వేయిస్తంభాల గుడి దగ్గరే ఉంది. లైనక్స్‌కూ ఇవన్నీ వర్తిస్తాయట. లైనక్స్‌లో డ్రైవర్లు ఎక్కువ భాగం దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌తోనే వస్తాయి. డిస్కు తగిలిస్తే సాధారణంగా లేస్తుంది, మహా అయితే నెట్‌వర్క్ కార్డు పేరు మారి కాసేపు వెతికిస్తుంది.

విండోస్ 10 నిరుడు అక్టోబరుతో ఆగిపోయింది, అందుకని ఫార్మాట్ కొట్టి 11 వేయాలి అన్నది ఏడోది. 2025 అక్టోబరు 14న ముగిసింది మద్దతు, విండోస్ కాదు. 11కు మారడం మంచిదే, కాదనను. కానీ ఉన్న 10 మీదే, ఫైళ్లూ ప్రోగ్రాములూ అలాగే ఉంచి 11 వేయవచ్చు. పాత బోర్డుకు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదని ఇన్నాళ్లూ అడ్డుకున్న విండోస్ 11, కొత్త బోర్డు పెట్టాక నోరు మూసుకుని ఎక్కుతుంది.

ఇక నాలుగోది. ఇంతదాకా కావాలనే దాటవేశాను. మాట మార్చకుండా ఇస్తున్నాను: "పాత బోర్డు గుర్తులు అన్ని డ్రైవ్‌లలో ఉంటాయి. కాబట్టి సి మాత్రమే కాదు, డి, ఇ కూడా ఫార్మాట్ చేయండి. క్విక్ ఫార్మాట్ వద్దు, ఫుల్ ఫార్మాట్ కొట్టండి."

ఏ గుర్తులు? ఎవరు పెట్టారు? ఏ పరికరానికి ఏ డ్రైవరో రాసుకున్న చిట్టా సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లో ఉంటుంది. డి డ్రైవ్‌లో ఉండేవి మీ పిల్లల ఫోటోలు, మీ లెక్కలు. మీ బోర్డు ఏ కంపెనీదో వాటికి పట్టదు. అసలు దుర్మార్గం రెండో వాక్యంలో ఉంది. హార్డ్ డిస్కులో క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపేయడం, పేజీలు ఉంటాయి. పొరపాటు తెలుసుకుని వెంటనే ఆపితే చాలావరకు తిరిగి తీయవచ్చు. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ అలా కాదు, డిస్కు పొడవునా సున్నాలు రాస్తుంది. ఆ తర్వాత ఎంత పెద్ద రికవరీ నిపుణుడి దగ్గరికి వెళ్లినా చేతులెత్తేస్తాడు. చిప్‌లతో చేసిన ఎస్‌ఎస్‌డీ డిస్కు అయితే కొంప ముంచడానికి క్విక్ ఫార్మాటే చాలు, ట్రిమ్ అనే ఆదేశం వెళ్లి ఖాళీ చేసేస్తుంది.

నర్సంపేటలో మా పెద్దమ్మ కొడుకు ఫోటో స్టూడియో నడుపుతాడు. మెసేజ్ మొదటి దఫాలోనే ఆయనకు చేరింది. కొత్త బోర్డు వేయించడానికి కంప్యూటర్‌ను వరంగల్ తెచ్చి, ఫోన్ తీసి, దుకాణం కుర్రవాడికి తానే చదివి వినిపించాడు. "డి డ్రైవ్ కూడానా అన్నా?" అని ఆ కుర్రవాడు రెండుసార్లు అడిగాడట. "నిపుణులు రాశారు, చేసేయ్" అన్నాడట మా అన్న. రెండు టెరాబైట్ల డిస్కు కాబట్టి గంటలు పట్టింది. ఆ గంటల్లో ఒక్కసారైనా నాకు ఫోన్ చేసి ఉంటే! ఇంకా ఆల్బమ్ కట్టని రెండు పెళ్లిళ్లు పోయాయి. మేడారం జాతరలో తీసిన బొమ్మలు పోయాయి. ఒక పెళ్లి సగం బతికింది, మెమరీ కార్డు తుడవడం మరిచిపోయినందువల్ల. రెండో పెళ్లివారింటికి ఆయనతో పాటు నేనూ వెళ్లాను. అమ్మాయి తండ్రి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మెసేజ్‌నే ఇప్పుడు ఆరుసార్లు పంపుతున్నారు, మంచి మాట చెబుతున్నామనుకుని.

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన మహానుభావుడు చెప్పాల్సినదాన్ని ఒక్కటీ చెప్పలేదు. విండోస్ 11 యంత్రాల్లో, ముఖ్యంగా 2024లో వచ్చిన 24హెచ్2 అనే వెర్షన్‌ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచినవాటిలో, డిస్కుకు మీకు తెలియకుండానే బిట్‌లాకర్ అనే తాళం పడి ఉండవచ్చు. తాళంచెవి ఉండేది బోర్డు టీపీఎంలో. బోర్డు మారిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ ఖాతాలో ఉంటుంది, ముందే చూసి కాగితం మీద రాసుకోండి, లేదా మార్చేముందు బిట్‌లాకర్‌ను ఆపండి. సి ఒక్కటే ఫార్మాట్ కొట్టినా గండం తప్పదు. తాళం వేసిన డి డ్రైవ్‌ను తనంతట తాను తెరిచే ఏర్పాటు ఉండేది ఆ పాత విండోస్‌లోనే. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ వాడేవారు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల్లో వాడనివారు ఎవరు, లైసెన్సును ముందే సరెండర్ చేయాలి, అంటే పాత బోర్డు నుంచి విడిపించాలి. ఇంటర్నెట్ కోసం కొత్త బోర్డు లాన్ (నెట్‌వర్క్) డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ పుణ్యమా అని విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అన్నిటికంటే ముందు డి డ్రైవ్‌ను ఇంకో డిస్కులోకి కాపీ చేయాలి. ఫార్మాట్ కొట్టినా కొట్టకపోయినా.

ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉంది. దానికి బోర్డు మార్చినప్పుడు కూడా ఇదే ధీమాతో పాత విండోస్‌నే ఉంచాను. లేచింది, నడిచింది, కానీ నిద్రలోకి పంపితే తిరిగి మేలుకోదు. బయోస్ మార్చాను, డ్రైవర్లు మార్చాను, మూడు వారాలు దాంతో కుస్తీ పట్టాను. మా ఆవిడ ఆ మెసేజ్‌ను అప్పట్లోనే చూపించి ఉంటే ఏం సమాధానం చెప్పేవాడినో తెలియదు. చివరికి ఫార్మాటే కొట్టాను. గంటన్నరలో బాగైపోయింది. దుకాణాల వాళ్లు ఫార్మాట్ అనే ఎందుకు పట్టుబడతారో అప్పుడు అర్థమైంది. ఒక్కో కంప్యూటర్‌కు మూడు వారాలు వాళ్లెక్కడ తెస్తారు? కాకపోతే నేను కొట్టింది సి ఒక్కటే. విండోస్ వేయడం పూర్తయ్యేదాకా డేటా ఉన్న రెండో డిస్కు తీగ పీకి, దాన్ని బల్ల సొరుగులో పెట్టాను.