సైబర్‌పంక్ రచయితల్ని జోస్యంతో కొలవొద్దు

సైబర్‌పంక్ నవలలంటే, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌లూ పెద్ద కంపెనీలూ ఏలే రేపటి లోకం కథలంటే, పడిచచ్చేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తుంది: దేన్ని ఎవరు ముందే ఊహించారు? కంప్యూటర్ల లోపలి లోకానికి సైబర్‌స్పేస్ అన్న మాట విలియం గిబ్సన్‌దే కదా అంటారొకరు. జనం బొమ్మల రూపంలో తిరిగే కంప్యూటర్ లోకానికి మెటావర్స్ అన్న మాట నీల్ స్టీఫెన్‌సన్‌ది అంటారు ఇంకొకరు. ఈ కొలత తప్పని నా అభిప్రాయం. దీనివల్ల గొప్ప రచయితల్ని పొగిడేటప్పుడు కూడా అసలు సంగతి వదిలేస్తున్నాం.

గిబ్సన్ 'న్యూరోమాన్సర్' 1984లో వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో, నెబ్యులా, ఫిలిప్ కె. డిక్ అవార్డులు మూడూ దానికే దక్కాయి. ఆయన దాన్ని రాసింది మామూలు టైప్‌రైటర్ మీద. జోస్యం కోసం చదివితే అందులో తప్పులే దొరుకుతాయి. కథానాయకుడు కేస్ దొంగిలించిన ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) అమ్ముకోవాలని చూస్తుంటాడు. అదెంతో తెలుసా, 3 మెగాబైట్లు! ఇవాళ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోకి కూడా అది చాలకపోవచ్చు. ఇక సెల్‌ఫోన్ల ఊసే లేదు.

అయినా ఆ పుస్తకంలో నేను మర్చిపోలేని సీన్ ఫోన్లదే. ఇస్తాంబుల్‌లో ఒక హోటల్ లాబీ. వరుసగా పబ్లిక్ ఫోన్లు. కేస్‌కి దగ్గర్లో ఉన్నది మోగుతుంది. ఎత్తితే అవతల మాట్లాడేది మనిషి కాదు, కృత్రిమ మేధ. ఠక్కున పెట్టేస్తాడు. తిరిగి వెళ్లాలంటే ఆ ఫోన్ల పక్కనుంచే నడవాలి. అతను దాటుతుంటే ఒక్కో ఫోనూ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. అంతే. సెల్‌ఫోన్లను ఊహించి ఉంటే గిబ్సన్ ఈ పేజీ రాయగలిగేవాడే కాదు. ఎటు వెళ్లినా తనని ఏదో కనిపెట్టుకుని ఉందన్న టెన్షన్‌ని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన సీన్ ఈ తరహా నవలల్లో నాకు ఇంకొకటి కనబడలేదు.

స్టీఫెన్‌సన్ 'స్నో క్రాష్' 1992 నాటిది. 2021లో ఫేస్‌బుక్ సంస్థ తన పేరు మెటాగా మార్చుకున్నాక అభిమానులు దాన్ని మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఆ నవలలోని మెటావర్స్‌లోనూ పేదా గొప్పా తేడా ఉంటుంది. చవకబారు పబ్లిక్ టెర్మినల్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ మసకమసగ్గా, నలుపు తెలుపు బొమ్మల్లా కనబడతారు. లోపల పెద్ద పేరున్న హీరో, బయట ఉండేది సామాన్లు దాచుకునే గోడౌన్ గదిలో. ఇది ఎవరైనా కోరుకుని కట్టుకోవాల్సిన లోకమా?

ఈ పోటీలో ఎక్కువ నష్టపోయింది ప్యాట్ కాడిగన్. 1986 నాటి సైబర్‌పంక్ కథల సంకలనం 'మిర్రర్‌షేడ్స్'లో ఉన్న ఒకే ఒక్క రచయిత్రి ఆమె. ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు రెండుసార్లు గెలిచింది. అయినా అభిమానుల జాబితాల్లో ఆమె పేరు ఎక్కడో అడుగున ఉంటుంది. కంపెనీలు ఎత్తుకుపోయి బోర్డు రాయించుకునే మాటేదీ ఆమె ఇవ్వలేదు, అదే కారణమని నాకు అనిపిస్తుంది. ఆమె నవల 'సిన్నర్స్' మొదట్లో పాత్రలు మరీ ఎక్కువ, తికమక పెడతాయి అని కొందరంటారు. నిజమే, నేనూ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వచ్చింది. ఆ కష్టానికి తగ్గ ఫలితం దక్కింది.

'న్యూరోమాన్సర్'లో కేస్‌కి ఒళ్లంటే వట్టి మాంసం, ఒక జైలు. ఆ చూపు చాలామంది అభిమానులకి స్టైల్‌గా కనబడుతుంది. 1991లో వచ్చిన 'సిన్నర్స్' ఆ చూపునే నిలదీస్తుంది. మ్యూజిక్ వీడియోలు చేసే మార్క్ మెదడుని నేరుగా కంప్యూటర్లకి కలిపే సాకెట్లు పెట్టించుకుని, ఒంటిని వదిలేసి నెట్‌వర్క్‌లోకి వెళ్లిపోతాడు. అతని మెదడులో వచ్చిన స్ట్రోక్ కూడా వెనకే నెట్‌వర్క్‌లోకి పాకుతుంది. సాకెట్లున్న మిగతావాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. అతన్ని ప్రేమించిన జీనాకి కోపం, దుఃఖం రెండూ ఆగవు. ఆమెకి కావాల్సింది తెర మీది మార్క్ కాదు, చెయ్యి చాస్తే తగిలే మార్క్.